బురద ఏదో చెబుతోంది

ముక్కు మాస్టారు వాసన చూడనిదే దేన్నీ నమ్మేవారు కారు.

ఆయన విశ్వవిద్యాలయంలో పర్యావరణ జీవసాంకేతిక శాస్త్రానికి ఆచార్యులు. అంత పొడుగు పేరు పలకడానికి ఎవరికీ ఓపిక లేక అందరూ ఆ విభాగాన్ని బురద డిపార్ట్‌మెంటు అనేసేవారు. ఊరంతా ముక్కు మూసుకుని దాటిపోయే సరుకు ఏదైనా సరే, పాల ఫ్యాక్టరీ కడుగునీళ్ళు, మార్కెట్లో కుళ్ళిన కూరగాయలు, హాస్టలు వంటింటి ఎంగిలి, ఆయన ల్యాబుకు మాత్రం రాచమర్యాదలతో వచ్చేది. అక్కడ గాజు జాడీల్లో సూక్ష్మజీవులు దాన్ని తిని, అరిగించుకుని, పొయ్యి వెలిగించే గ్యాసుగా మార్చేవి. ఆ జాడీల్ని రియాక్టర్లు అంటారు. పేరు వింటే బాంబులు గుర్తొస్తాయి గానీ, వెళ్ళి చూస్తే గోధుమరంగు బురద తన మానాన తాను బుడగలు వేసుకుంటూ ఉంటుంది.

బురద ఆరోగ్యం కనిపెట్టడానికి యంత్రాలు లేవా అంటే, గదినిండా ఉన్నాయి. పులుపు కొలిచేదొకటి, గ్యాసు కొలిచేదొకటి, ఏం కొలుస్తుందో కొన్నవాళ్ళు కూడా మర్చిపోయినదొకటి. మాస్టారు వాటి అంకెలన్నీ శ్రద్ధగా చదివేవారు. చదివి తలాడించి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, సీసా మూత తీయించి, దాని మీదకు వంగి కళ్ళు మూసుకునేవారు. ల్యాబంతా ఊపిరి బిగబట్టేది. కొంత భయం వల్ల, కొంత కంపు వల్ల. కాసేపటికి ఆయన ఒక కన్ను మాత్రం తెరిచి సీసా తెచ్చినవాడి వంక చూసేవారు.

"ఏదో చెబుతోందిరా."

"ఏం చెబుతోంది సార్?"

"అదే వింటున్నా. ఆదివారం ఏదో జరిగిందంటోంది."

సీసా తెచ్చినవాడు, అందరూ కళ్ళజోడు తమ్ముడు అనే కుర్రాడు, తల గోక్కునేవాడు. "మ్యాచ్ ఉంది సార్. దీనికి తిండి పెట్టడం మర్చిపోయాను."

"అదే చెబుతోంది," అని మాస్టారు మూత బిగించేసేవారు. తిట్టు లేదు, కోపం లేదు. ఇవాళ సగమే పెట్టు, ఆకలి మీదున్నదానికి ఒక్కసారే కుక్కితే అరగదు అని చెప్పి వెళ్ళిపోయేవారు. ఆ ముక్కుకు ఆదివారాలు కూడా తెలుస్తాయని పిల్లలు కథలు కథలుగా చెప్పుకునేవారు.

ఆ పిల్లల్లో బురద డాక్టరు ఒకతె. ఆ పేరు పెట్టింది వాళ్ళ బావ. టీకాలు తయారుచేసే ల్యాబులో సీటు వస్తుందనుకుని దరఖాస్తు పెడితే, అక్కడ ఖాళీ లేక ముక్కు మాస్టారి దగ్గర తేలింది. "తెల్లకోటు వేసుకుంటావనుకున్నాం మరదలా, రబ్బరు బూట్లు వేసుకున్నావా?" అని బావ ఇంటిల్లిపాదినీ నవ్వించాడు. మొదటి నెల ఆమె రోజూ ఇంటికెళ్ళి తలంటుకుని ఏడ్చింది. రెండో నెల తలంటుకోవడం మాత్రమే మిగిలింది. మూడో నెలకల్లా తన జాడీలో బుడగలు తగ్గితే అన్నం సహించని స్థితికి వచ్చింది. అందుకు కారణం మాస్టారే. ఆయన బురద గురించి మాట్లాడుతుంటే, పక్కన ఎవరింట్లోనో పసిపిల్ల ఉన్నట్టూ మనల్ని చూసిరమ్మన్నట్టూ ఉండేది.

ఆ ముక్కు కీర్తి ఫ్యాక్టరీల దాకా పాకింది. ఒకసారి కాగితం మిల్లు మేనేజరు కార్లో సీసా పెట్టుకుని వచ్చాడు. మా నీళ్ళు శుద్ధిచేసే వదులుతున్నామండీ, చేపలు వాటంతటవే చస్తున్నాయి అన్నాడు. మాస్టారు వంగారు, కన్ను తెరిచారు.

"సెలవు రోజుల్లో ఏదో వేరేగా జరుగుతోందంటోందండీ ఇది."

మేనేజరు టీ కప్పు బల్లమీద పెట్టేశాడు. "సూపర్‌వైజర్లు రారండీ ఆ రోజుల్లో. ఒక్కోసారి నేరుగా కాలవలోకి..."

"అదే చెబుతోంది," అన్నారు మాస్టారు. ఆ నెలనుంచి మిల్లు సెలవు రోజుల్లో కూడా నీళ్ళు శుద్ధిచేసింది. మేనేజరు అప్పట్నుంచీ మాస్టారిని దూరం నుంచి చూసినా నిటారుగా నిలబడేవాడు.

థీసిస్ ఇచ్చినా అంతే. చదవడానికి ముందు పేజీలు గాలికి రెపరెపలాడించి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. "మూడో అధ్యాయం కంగారులో రాసిన వాసన." రాసినవాడు నోరు వెళ్ళబెట్టి, దాన్ని వెనక్కి తీసుకుని, మళ్ళీ రాసుకొచ్చేవాడు.

అయితే ఆ ముక్కుకు కొన్ని పేచీలు లేకపోలేదు. ఊళ్ళో ఏదో జ్వరం తిరుగుతోందని అందరూ మాస్కులు పెట్టుకున్న కొన్ని వారాలూ అది బొత్తిగా పనిచెయ్యలేదు. "మీ మాస్కులు అడ్డమొస్తున్నాయర్రా" అని ఆయన విసుక్కున్నారు. మా మూతికి ఉన్న మాస్కు మీ ముక్కుకు ఎలా అడ్డమొస్తుంది సార్ అని అడగడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

బస్సులో ల్యాబు మనుషుల పక్కన ఎవరూ కూర్చోరు. ఎందుకో చెప్పక్కర్లేదు. మాస్టారు మాత్రం, "రోజులు మారాయమ్మా, జనంలో మర్యాద పెరిగింది. నేను ఎక్కితే చాలు, లేచి చోటిచ్చి అవతలికి వెళ్ళిపోతున్నారు," అని మనసారా సంతోషించేవారు.

ఇక ఇంట్లో సంగతి. బురద డాక్టరు ఒకరోజు ఏవో కాగితాల మీద సంతకం కోసం వాళ్ళింటికి వెళ్ళింది. వంటింట్లో పాలు పొంగి, మాడి, పొగ హాల్లోకి వచ్చింది. మాస్టారు పేపర్లోంచి తల ఎత్తలేదు. పెరట్లోంచి ఆయన భార్య పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసి, ముఖం తుడుచుకుంది.

"ఈయన ముక్కు ఆఫీసులోనే పనిచేస్తుందమ్మా. ఇంటికి రాగానే దానికి సెలవు," అంది. మాస్టారు పేపరు వెనకనుంచి ముసిముసిగా నవ్వారు. గొప్పవాళ్ళంతా ఇంట్లో పరధ్యానంగానే ఉంటారని బురద డాక్టరు సరిపెట్టుకుంది.

అలా నాలుగో ఏడాది వచ్చింది. చివరి ఏడాదికి అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చే కమిటీ కూర్చోబోతోంది. దానికి బయటినుంచి వచ్చే పరీక్షకురాలిని అందరూ కొలతల మేడమ్ అనేవారు. కొలతకు అందనిది అసలు లేనట్టేనని ఆవిడ సిద్ధాంతం. టీలో చక్కెర కూడా చెంచా అంచు గీకి వేసుకుంటుందని ప్రతీతి.

బురద డాక్టరు జాడీ బాగానే ఉంది. మార్కెట్ కూరగాయల గుజ్జు తిని పద్ధతిగా గ్యాసు ఇస్తోంది. కానీ మేడమ్ ముందు పెట్టే గ్యాసు గ్రాఫులో గీత ఇంకొంచెం పైకి లేస్తే చూడముచ్చటగా ఉంటుందని ఆమెకు ఆశ పుట్టింది. రోజూ పెట్టే తిండికి రెట్టింపు పెట్టింది. మొదటిరోజు గ్యాసు ఎగిరి గంతేసింది. ఆమె కూడా గంతేసింది. తర్వాత జాడీకి అజీర్తి చేసింది. లోపలంతా పులిసిపోయి, బుడగలు నిలిచిపోయాయి.

బురద పరిశోధనలో ఇంతకన్నా పాత తప్పు లేదు. మొదటి క్లాసులోనే మాస్టారు చెబుతారు, దానికి ప్రేమ ఎక్కువైతే చస్తుందర్రా అని. నాలుగేళ్ళు చదివి అదే తప్పు చేశానని ఎవరికి చెప్పుకుంటుంది?

పైగా ఆ విభాగంలో ఒక నియమం ఉంది. ప్రయోగం చెడిపోతే, ఆ సంగతి తనంతట తాను గైడుకు చెబితే అది పొరపాటు. దాచి పట్టుబడితే అది మోసం. పొరపాటుకు మళ్ళీ చెయ్యమంటారు. మోసానికి పరిశోధన రద్దు చేసి ఇంటికి పంపిస్తారు. రేపు చెబుదాం, రేపటికి అదే కోలుకుంటుందేమో అనుకుంటూ ఆమె కొన్ని రోజులు నెట్టుకొచ్చింది. గ్యాసు అంకెలు కల్పించి రాద్దామని ఒకసారి కూర్చుంది గానీ చెయ్యి రాలేదు. ఖాళీగా వదిలేసింది.

ఈలోగా మాస్టారి ముక్కు ఒకటి. దాన్ని ఎలా దాటడం? నిమ్మవాసన ఫినాయిలుతో నేలంతా రెండుసార్లు కడిగింది. జాడీ చుట్టూ కాఫీపొడి గిన్నెలు పెట్టింది. గులాబీ వాసన రూమ్ ఫ్రెషనర్ డబ్బా సగం ఖాళీ చేసింది. సీసాలు కడగడానికి వచ్చిన ల్యాబ్ బాబాయ్ గుమ్మంలో ఆగిపోయి, "ఏంటమ్మా, పెళ్ళి చూపులా?" అన్నాడు.

మాస్టారు వచ్చారు. కళ్ళజోడు నుదుటి మీదకి తోశారు. సీసా మీదకు వంగి కళ్ళు మూసుకున్నారు. ఆమె ఫ్రెషనర్ డబ్బా వీపు వెనక దాచుకుంది. ఒక కన్ను తెరుచుకుంది.

"ఏదో చెబుతోందమ్మా."

"ఏం... ఏం చెబుతోంది సార్?"

"చాలా బెంగగా ఉందంటోంది. కొన్నాళ్ళుగా నిద్ర లేదంటోంది."

అంతే, ఆమె స్టూలు మీద కూలబడి భోరుమంది. "రెట్టింపు పెట్టేశాను సార్. పులిసిపోయింది. మీకు చెప్పలేదు. ఫినాయిలు కూడా అందుకే కొట్టాను."

"అదే చెబుతోంది," అన్నారు మాస్టారు. తర్వాత చొక్కా చేతులు పైకి మడుచుకుని, తిండి ఆపించి, వంటసోడా కలిపించి, పక్క జాడీలోంచి ఆరోగ్యంగా ఉన్న బురద తీసి ఇందులో పోయించారు. "నీ చేత్తోనే పడుకుంది, నీ చేత్తోనే లేస్తుంది," అన్నారు. కమిటీ నాటికి జాడీ లేచి కూర్చుని, సన్నగా బుడగలు వేయడం మొదలుపెట్టింది.

కమిటీ రోజున కొలతల మేడమ్ ప్రొజెక్టరు గోడమీద వేసిన గీతని చాలాసేపు చూసి, పెన్నుతో ఒకచోట పొడిచింది.

"ఇక్కడ గీత తెగిపోయిందేం?"

"నా తప్పు మేడమ్. తిండి ఎక్కువ పెట్టాను, పులిసిపోయింది."

"మీ గైడుకు ఎప్పుడు తెలిసింది?"

ఇక్కడ బురద డాక్టరుకు మాస్టారి మీదున్న గౌరవం పొంగుకొచ్చింది. గర్వంగా తలెత్తి చెప్పింది. "ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు మేడమ్. వాసన చూసి పట్టేశారు!"

మేడమ్ పెన్ను కాగితం మీద పెట్టింది. తను ఏమన్నదో ఆమెకు అప్పుడు అర్థమైంది.

"పట్టేశారు," అని మేడమ్ ఆ మాట రాసుకుంది. "అంటే అప్పటిదాకా నువ్వు దాచావు."

"దాచాను మేడమ్." అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. నాలుగేళ్ళూ, ఇంట్లో నాన్న మొహమూ, బావ నవ్వూ అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

విభాగం పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "నియమం స్పష్టంగానే ఉంది మరి. పట్టుబడితే..."

"పట్టుబడలేదండీ," అన్నారు ముక్కు మాస్టారు. "తనే చెప్పింది."

"మీరు వాసన పట్టాక చెప్పింది," అంది మేడమ్. "ఆ అమ్మాయే ఒప్పుకుంటోందిగా."

"ఆ అమ్మాయికి తెలీదు." మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు అసలు వాసన తెలీదు మేడమ్. కొన్నేళ్ళ కిందట, ఈ అమ్మాయి చేరకముందే, జ్వరమొచ్చింది. పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది. గులాబీ అయినా బురదైనా నాకొకటే."

పెద్దాయన పకపకా నవ్వి, ఇంకెవరూ నవ్వకపోవడంతో ఆపేశారు. బురద డాక్టరు మాస్టారి వంక వెర్రిగా చూసింది. తనని కాపాడటానికి ఈయన అబద్ధమాడుతున్నారనుకుంది.

"నోటి మాట నేను నమ్మను," అంది కొలతల మేడమ్. "కొలవాలి. మీ ల్యాబులో అన్నిటికన్నా చెడ్డ వాసన ఏది?"

ల్యాబ్ బాబాయ్ ఒక చిన్న సీసా తెచ్చి, దాన్ని బల్లమీద పెట్టి, వెంటనే బయటికి వెళ్ళిపోయాడు. అది బ్యుటిరిక్ ఆమ్లం. నెలల తరబడి పాడైన వెన్ననీ, మలుపుల దారిలో కిటికీలు మూసిన బస్సునీ కలిపి ఊహించుకుంటే దాని వాసనలో పావు వంతు తెలుస్తుంది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. మేడమ్ స్వయంగా మూత తీసి సీసాని ఆయన ముక్కు కిందకు తోసింది.

పెద్దాయన మోగని ఫోన్ చెవికి పెట్టుకుని ఒక్క అంగలో తలుపు దాటారు. కిటికీ దగ్గరున్న కళ్ళజోడు తమ్ముడు నడుం దాకా బయటికి వేలాడాడు. బురద డాక్టరు నాలుగేళ్ళ అనుభవమూ గాలికిపోయి, మొహాన ఫైలు అడ్డం పెట్టుకుంది. మేడమ్ పట్టుదల మనిషి కాబట్టి కదల్లేదు గానీ, ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

మాస్టారు నిండా ఊపిరి పీల్చారు. ఇంకోసారి పీల్చారు. కళ్ళు మూసుకునే మర్యాదగా అడిగారు.

"మూత తీశారా మేడమ్?"

మూత బిగించి, కిటికీలన్నీ తెరిచి, అందరూ మళ్ళీ మనుషులు కావడానికి చాలాసేపు పట్టింది. "అయితే ఈ ముక్కు విలువ సున్నా," అంది మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ.

"సున్నా కూడా కొలతే కదండీ," అన్నారు మాస్టారు.

"మరి ఇన్నాళ్ళూ ఏం చూస్తున్నట్టు?"

"మొహాలు. తప్పులు ఎక్కువగా సెలవు రోజుల్లోనే జరుగుతాయి, అది ఊహించడానికి ముక్కు అక్కర్లేదు." మాస్టారు కాస్త సిగ్గుపడ్డారు. "నిజంగా ముక్కున్న రోజుల్లో వచ్చిన పేరు ఇది. ముక్కు పోయినా పేరు పోలేదు. చెప్పేద్దామనుకున్న రోజునే ఒకడు సీసా పట్టుకుని వచ్చాడు. అలవాటు కొద్దీ వంగాను. నేను నోరు తెరిచేలోపే వాడు చేసిందంతా చెప్పేశాడు. చెప్పి, హమ్మయ్య అన్నాడు. అప్పుడు తెలిసింది, నా ముక్కుతో వీళ్ళకి పనిలేదని. 'తప్పు చేశావా?' అని నేనడిగితే పిల్లలు బిగుసుకుపోతారు మేడమ్. 'బురద ఏదో చెబుతోంది' అంటే వాళ్ళే చెప్పేసుకుంటారు. బురద మీద ఎవరికీ పట్టింపు ఉండదు. దాని ముందు ఎవరికీ సిగ్గూ ఉండదు."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఆ మాస్కుల వారాల్లో మాత్రం చచ్చిపోయాననుకోండి," అన్నారు.

మేడమ్ రాసుకున్న మాటని కొట్టేసింది. కొట్టివేత గీత కూడా స్కేలు పెట్టే గీసింది. "పరిశోధకురాలు తనంతట తానే చెప్పింది. పొరపాటు. ఆ భాగం మళ్ళీ చెయ్యాలి. చివరి ఏడాదికి అనుమతి ఇస్తున్నాను," అని చదివి సంతకం పెట్టింది.

బురద డాక్టరు మాస్టారి వెనకే ఆయన గదికి నడిచింది. అనుమతి వచ్చిన సంతోషం ఒక పక్క ఉన్నా, మనసంతా ఆయన పేరు మీదే ఉంది. ఊరూ వాడా చెప్పుకున్న పేరు. ఫ్యాక్టరీల్ని దారిలో పెట్టిన పేరు. దాన్ని ఆయన తన కోసం, చొక్కా మీద దుమ్ము దులుపుకున్నంత తేలిగ్గా వదిలేసుకున్నారు. రేపట్నుంచి ఎవరు సీసా పట్టుకొస్తారు ఈయన దగ్గరికి? ఆ ఆలోచనకి ఆమెకు మళ్ళీ ఏడుపొచ్చింది.

"అంతా నా నోటి తొందర వల్లే సార్."

"ఏడవకమ్మా, ముక్కు దిబ్బడేస్తుంది. ఈ ల్యాబులో పనిచేసే ముక్కులు అసలే తక్కువ," అన్నారు మాస్టారు.

అప్పుడే ఎవరో తలుపు తట్టారు. కొలతల మేడమ్. ఫైళ్ళన్నీ సర్దుకుని, సంచి భుజాన వేసుకుని, వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉంది. చేతిలో మాత్రం ఒక సీసా ఉంది. కమిటీ బల్లమీద ఒక్కొక్కరికీ ఒక్కోటి పెట్టిన మంచినీళ్ళ సీసా, సగం తాగినది.

ఆవిడ వెనక్కి తిరిగి వరండాలో ఎవరూ లేరని చూసుకుంది. తర్వాత లోపలికి వచ్చి, సీసా మూత తీసి, మాస్టారి ముందు బల్లమీద పెట్టింది.

"ఒకసారి చూస్తారా?" అంది.

మాస్టారు సీసా వైపు చూశారు. ఆవిడ వైపు చూశారు. ఏమీ అడగకుండా కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, మంచినీళ్ళ మీదకు వంగి కళ్ళు మూసుకున్నారు. ఒక కన్ను తెరిచారు.

"ఏదో చెబుతోంది మేడమ్."

కొలతల మేడమ్ సంచి కింద పెట్టి కుర్చీలో కూర్చుంది. "మా రియాక్టర్ పడకేసి చాలాకాలమైందండీ. ఎన్ని కొలిచినా కారణం తెలీడంలేదు. మా వాళ్ళెవరికీ చెప్పలేదు, సిగ్గేసి."

"అదే చెబుతోంది," అన్నారు ముక్కు మాస్టారు.